మొదటి తట్ట

పోయిన వారం పెసిడెంటు మనవడు మా ఇంటికొచ్చాడు. కారు వీధి మలుపులో ఆపుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వస్తూనే నా కాళ్ళకు దండం పెట్టాడు. ఆ ఇంటివాళ్ళు వంగి దండం పెట్టారంటే మనతో ఏదో పని పడిందన్నమాట. ఆ సంగతి నాకు ఇవాళ కొత్తగా తెలిసింది కాదు.

"తాతగారి శతజయంతి చేస్తున్నాం మేస్టారూ. సంచిక ఒకటి వేస్తున్నాం. 'ఉత్తమ నాయకుడి లక్షణాలు' అని మీరొక వ్యాసం రాసివ్వాలి. తాతగారితో కలిసి పనిచేసిన వాళ్ళలో మీరొక్కరే మిగిలారు" అన్నాడు.

కలిసి పనిచెయ్యడం అన్న మాటకు నాకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాను. అబ్బాయి సంచిలోంచి అట్ట నమూనా తీసి చూపించాడు. దాని మీద ఫొటో. నదిలో మోకాలి లోతు నీళ్ళలో, నెత్తి మీద ఇసుక తట్టతో పెసిడెంటు. పంచె తడిసి కాళ్ళకు అంటుకుపోయింది. కళ్ళజోడు ముక్కు కొసకు జారింది. కింద పెద్ద అక్షరాలతో 'ముందుండి నడిపించిన మహనీయుడు' అని ఉంది. ఫొటోకి కుడివైపు అంచున, పిలవని పేరంటానికి వచ్చినట్టు, మోచేతి దాకా ఎవరిదో చెయ్యి. చూపుడువేలు చాచి ఉంది.

"ఈ పక్కన ఎవరిదో చెయ్యి పడింది. అచ్చుకిచ్చే ముందు తీయించేస్తాం లెండి" అన్నాడు.

"రాస్తానులే" అన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు. వ్యాసాలంటారా, వాళ్ళ తాతగారికి చాలానే రాసిపెట్టాను. ఇక ఓపిక లేదు. అందుకని ఈసారి ఆయన్నే రాస్తున్నాను.

ఆయనకు అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉండేది. దాన్ని వాడినవాళ్ళు ఊళ్ళో లేరు. పెద్దాచిన్నా అందరికీ పెసిడెంటే. వరసైన వాళ్ళు పెసిడెంటు బావ, పెసిడెంటు మావ అనేవాళ్ళు. అరవయ్యో దశకం చివరి ఏళ్ళ మాట. నాగావళి కాలువ చిట్టచివర ఉన్న ఆ ఊళ్ళో నేను ఎలిమెంటరీ స్కూలు మేస్టర్ని. పంచాయతీ పదవి కోసం పై వీధి, కింది వీధి కర్రలు పట్టుకునే దాకా వచ్చి, చివరికి ఎవరికీ చెందని మనిషి ఎవరున్నారా అని వెతుక్కుంటే ఈయన దొరికాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ తగువులోనూ ఎవరి వైపూ ఒక్క మాట మాట్లాడి ఎరగడు. మాట్లాడకపోవడాన్ని జనం పెద్దరికం అనుకున్నారు. ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

వేషం మాత్రం పదవికి సరిగ్గా సరిపోయింది. పొందూరు సన్న ఖద్దరు పంచె, లాల్చీ, గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి. ఆ నూలు వడకడానికి అక్కడి ఆడవాళ్ళు ఎంత ఓపిక పట్టారో గాని, ఆ బట్ట ఆయన ఒంటి మీదికి వచ్చాక ఒక్క పని చూసి ఎరగదు. మడత నలుగుతుందని ఎవరి అరుగు మీదా కూర్చునేవాడు కాదు. చావింటికి పరామర్శకు వెళ్ళినా నిలబడే ఏడ్చేవాడు.

ఆయన నడక గురించి చెప్పాలి. పక్క ఊరికి పోవాలంటే గెడ్డ దాటాలి. చిన్న వాగే, కానీ వానాకాలం లోతు తెలియదు. ఒడ్డున ఆగి గొడుగు చంకలో పెట్టుకుని, వెంట వచ్చిన వాళ్ళతో, "నడండ్రా, నానున్నాను కదా" అనేవాడు. వాళ్ళు దిగి, తడబడి, మొలలోతు నీళ్ళలో కాళ్ళతో వెతుక్కుని తోవ కనిపెట్టేవాళ్ళు. మధ్యకు వెళ్ళి ఇక ఫరవాలేదని తేలాక, ఈయన పంచె ఎగ్గట్టి గబగబా దిగి, వాళ్ళను దాటుకుని, అవతలి గట్టు మీద అందరికన్నా ముందు కాలు పెట్టేవాడు. అవతలి ఊరి వాళ్ళకు కనబడేది పెసిడెంటు ముందూ, జనం వెనకా. నేను ఎన్నోసార్లు ఆ జనంలో ఒకణ్ణి. నా చెప్పులు నా చేతిలో ఉండేవి. ఆయనవి కూడా.

తగువులు తీర్చడంలో ఆయనది ప్రత్యేకమైన పద్ధతి. ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు కోసం వచ్చారనుకోండి. అన్నను పశువులశాల వెనక్కి తీసుకెళ్ళి భుజం మీద చెయ్యేసి, "గట్టు నీదేరా, నాకు తెల్దేటి" అనేవాడు. తమ్ముణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి అదే మాట అనేవాడు. ఇద్దరూ సంతోషంగా ఇంటికి పోయేవాళ్ళు. మర్నాడు ఇద్దరూ నాగళ్ళు కట్టుకుని అదే గట్టు మీదికి వచ్చేవాళ్ళు. తలకాయలు పగిలాక ఈయన రెండిళ్ళకీ వెళ్ళి, "నాను సెప్పినట్టు ఇని ఉంటే ఈ గొడవే నేదు కదరా" అని రెండు చోట్లా కళ్ళు తుడుచుకునేవాడు. రెండిళ్ళ వాళ్ళూ పెసిడెంటు మాట వినకపోయామే అని బాధపడేవాళ్ళు. దీనికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన మాటల్లో పని ఉన్నచోట 'మనం' ఉండేది. "మనం బడికి గోడ కట్టుకోవాల" అంటే మీరు కట్టాలని. గోడ లేచాక, "నాను కట్టించినాను." వానకు కూలిపోతే, "మీరు సరిగ్గా కట్టనేదు." ఆ గోడ కింద కూర్చుని చదువు చెప్పేవాణ్ణి గనక ఈ మూడూ నేను చెవులారా విన్నాను.

ఉపన్యాసాలు నేను రాసేవాణ్ణి. పంచాయతీ సమితి స్కూలు మేస్టరుకు ఊరి పెద్దతో ఎన్ని అవసరాలుంటాయో తెలిసినవాళ్ళకు తెలుసు. ఆయన చదివేవాడు. చప్పట్లు మాత్రం అప్పన్న శాఖ. అప్పన్న ఆయన పొలంలో పాలేరు. పెసిడెంటు కళ్ళజోడు ముట్టుకుంటే అప్పన్న చప్పట్లు మొదలుపెట్టాలి, తక్కిన జనం అందుకుంటారు. ఏర్పాటు బాగానే సాగింది, ఊరి పాత మునసబు పోయినప్పుడు పెట్టిన సంతాప సభ దాకా. ఆ రోజు ఆయనకు నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయో, నలుసే పడిందో, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పన్న ఠంచనుగా చప్పట్లు కొట్టాడు. జనం అందుకున్నారు. పోయినాయన కొడుకులు నోళ్ళు తెరుచుకుని చూశారు. తర్వాత అప్పన్నను అడిగితే, "నాకేటి తెలుస్తాది మేస్టారూ, ఆయన జోడు ముట్టుకున్నాడు, నాను కొట్టీసినాను" అన్నాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. పారమ్మ సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాదు.

మా ఊరికి నీళ్ళు ఏటి నుంచి కాలువలో రావాలి. ఏట్లో నీరు పలచగా ఉన్నప్పుడు దానంతటది కాలువలోకి ఎక్కదు. ఏటికి ఏటవాలుగా ఇసుక కట్ట వేసి నీటిని కాలువ మొగ వైపు, అంటే కాలువ నోటి వైపు, తిప్పుకోవాలి. గుంజలు పాతి, తుప్పలు కొట్టి పరిచి, వాటి మీద తట్టలతో ఇసుక పోసుకుంటూ పోవాలి. పూర్తయిన కట్ట ఒక మోస్తరు నీటికి ఆగుతుంది. సగం కట్టను ఏ చిన్న పొంగైనా ఊడ్చుకుపోతుంది. ఏటా వెయ్యాల్సిందే. ఇంటికొక మనిషి రావాలి. రాని ఇంటి వాళ్ళతో ఊరు మాట్లాడదు.

దీనికొక ఆచారం ఉంది. మొదటి తట్ట ఇసుక ఊరిపెద్ద చేత్తో పడాలి. ఆయన వెయ్యకుండా ఎవరూ ఏట్లో పార దించరు. పాతకాలంలో ఎవరో నాయుడుగారు పొద్దు పొడిచేసరికి ఏటికి వచ్చి మొదటి తట్ట వేసి, పొద్దు గూకేదాకా అందరితో పాటు మోసేవాడట. అందుకని అలవాటైందట. నాయుడుగారు పోయాడు. ఆయన మోత కూడా ఆయనతో పోయింది. మొదటి తట్ట మిగిలింది.

ఒక ఏడాది ఆషాఢం నడుస్తున్నా చినుకు లేదు. ఆకుమళ్ళు, అంటే నారుమళ్ళు, పసుపు తిరుగుతున్నాయి. ఉబాలు, అదే, నాట్లు వెయ్యాలంటే ఏటి నీరే దిక్కు. కట్ట వేద్దామని ఊరంతా అనుకున్న రోజున పెసిడెంటుకు ఒక ఆలోచన వచ్చింది. మొదటి తట్ట సమితి ఆఫీసరు చేత వేయించాలి. ఫొటో తీయించాలి. ఇసుకలో తాటాకు పందిరి వేశారు. కుర్చీలు తెచ్చారు. శ్రీకూర్మం నుంచి సన్నాయి మేళం తెప్పించారు. మగవాళ్ళు పారలు, ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని పొద్దున్నే ఏటి ఒడ్డున నిలబడ్డారు.

ఆఫీసరు రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది, ఆఫీసరు రాలేదు. సన్నాయి వాళ్ళు వాయించి వాయించి పందిట్లోనే నిద్రపోయారు.

అప్పన్న ఏటి వైపు చూస్తూ వచ్చాడు. "పెసిడెంటు బావా, నీరు రంగు మారతన్నాది. ఎగువని ఒరిస్సా కొండల్లో వాన పడినట్టున్నాది. నువ్వో తట్ట ఎయ్యీ, మేం అందుకుంటాం."

"ఎయ్యడానికేటిరా, ఇప్పుడే ఎయ్యగలను. ఆఫీసరు బాబుని పిలిసీసినాం కదా. ఆయనొచ్చేసరికి పని మొదలైపోతే ఆయనకి మనం ఏటి ఇలువిచ్చినట్టు?"

"ఆయనకి ఇలువుంటాది, మడికి నీరుండదు" అని వెనక నుంచి ఒక గొంతు. పారమ్మ.

పారమ్మ అప్పన్నకు వదిన. అన్న పోయాక ఇద్దరు పిల్లలతో ఉన్న ఒక్క మడి మీదే బతుకుతోంది. పిల్లలిద్దరూ మా బళ్ళోనే. కాలువ చివరి ఊరిలో చివరి మడి ఆమెది. ఆ మడి పండితే ఏడాదంతా ఇంట్లో గంజి, లేకపోతే లేదు. పొట్టిగా గట్టిగా ఉండే మనిషి, మాట కూడా అలాగే ఉండేది.

పెసిడెంటు చిరునవ్వు నవ్వాడు. "కూకోయే పారమ్మా. తొందరపడితే పనులవుతాయేటి?"

"నా ఆకు ఆఫీసరు బాబు వచ్చిందాకా ఆగదు" అంది పారమ్మ. పక్కవాడి చేతిలోంచి పార లాక్కుంది. తట్ట నింపుకుంది. అందరూ చూస్తుండగా ఏట్లోకి దిగి ఇసుక గుమ్మరించింది. తర్వాత అప్పన్న దిగాడు. అంతే, ఊరంతా దిగింది. పెసిడెంటు ఒకసారి అటూ ఇటూ చూసి, జనం ఎటు పోతున్నారో తేల్చుకుని, గొడుగు పైకెత్తి, "కానీండ్రా, బేగి కానీండి!" అని అరవడం మొదలుపెట్టాడు.

కట్ట సగం దాటింది. సాయంత్రం కాకుండానే ఎర్రనీరు దిగింది. గుంజలూ తుప్పలూ ఇసుకా అన్నీ కళ్ళ ముందే కొట్టుకుపోయాయి. కాలువలోకి ఒక్క బొట్టు ఎక్కలేదు. ఆఫీసరు ఆ రోజు రానేలేదు. జీపు టైరు పోయిందని తర్వాత తెలిసింది.

మర్నాడు పంచాయతీ ఆఫీసు వసారాలో జనం చేరారు. అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న. దానికి జవాబు కూడా అందరికీ తెలుసు. పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే కట్ట పూర్తయ్యేది. మా మూడో తరగతి పిల్లలను అడిగినా చెప్పేవాళ్ళు. పెసిడెంటు మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ముందు తట్ట ఎవులేసినారు?" అన్నాడు.

తలలన్నీ పారమ్మ వైపు తిరిగాయి.

"తరతరాల ఆచారం. ఆడకూతురి సెయ్యి ముందు పడితే గంగమ్మ తల్లి ఊరుకుంటాదేటి?" అని ఆగాడు. ఆగి, గొంతు తగ్గించి, "పాపం, తెలీక సేసినాది. దాన్ని ఎవులూ ఏటీ అనకండి" అన్నాడు.

ఆ క్షమించడం చూసి నాకు ఒళ్ళు మండింది. తిట్టి ఉంటే పారమ్మ తిరిగి తిట్టేది. క్షమించేసరికి తప్పు ఆమెదేనని ఖాయమైపోయింది. జనం కూడా హాయిగా నమ్మేశారు. ఎందుకు నమ్మరు? పారమ్మ తప్పంటే పారమ్మ ఒక్కతే పోతుంది. పెసిడెంటు తప్పంటే, పారలు పట్టుకుని మధ్యాహ్నం దాకా ఆయన ముఖం చూస్తూ నిలబడ్డ మగవాళ్ళందరి తప్పూ అవుతుంది.

నేను ఆయన ఇంటికి వెళ్ళి అడిగాను. "ఆమె వెయ్యకపోతే ఆ సగం కట్ట కూడా పడేది కాదు కదండీ" అన్నాను.

"మీకు తెలీదు మేస్టారూ" అన్నాడు, ఎంతో ఓపికగా. "నాయకుడన్నోడి మీద జనానికి నమ్మకం పోకూడదు. అది పోనాదంటే ఊరు పోతాది."

వరద తీశాక మళ్ళీ కట్ట వేశారు. ఆసరికే ఆలస్యమైంది. నీళ్ళ వంతులు వేసినప్పుడు పారమ్మను అందరి తర్వాత పెట్టారు. గంగమ్మకు కోపం తెప్పించిన మనిషి కదా. ఆమె వంతు వచ్చేసరికి ఆకుమడి ఎండి గడ్డయిపోయింది. ఆ ఏడాదంతా ఊళ్ళో అందరి పొలాల్లోనూ పారమ్మ కూలికి ఊడ్చింది. తన మడి బీడు పెట్టుకుని, తనను తప్పుపట్టిన వాళ్ళ మడుల్లో వంగి నాట్లు వేసింది. పిల్లలిద్దరూ బడి మానేశారు. నేను వెళ్ళి పిలిస్తే, "కూడు దొరికినాక సదువు, బాబూ" అంది. తిరిగి వచ్చేశాను.

మరుసటి ఏడాది కూడా వాన మొహం చాటేసింది. పెసిడెంటుకు బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నాం. సమితికి కొత్త ఆఫీసరు వచ్చాడు. కొత్త ఆఫీసరును చూడకుండా ఈయన ఎలా ఉండగలడు? కట్ట వేసే రోజు ఒకసారి ఖాయం చేసి వాయిదా వేశాడు. మళ్ళీ ఖాయం చేసి మళ్ళీ వాయిదా వేశాడు. చివరికి ఆఫీసరును స్వయంగా వెంటబెట్టుకొస్తానని శ్రీకాకుళం వెళ్ళి అక్కడే మకాం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ నాకొక పని చెప్పాడు. కట్ట దగ్గర చదవడానికి మంచి ఉపన్యాసం కావాలట. విషయం, ఉత్తమ నాయకుడి లక్షణాలు. దూరదృష్టి, నిస్వార్థం, సమయస్ఫూర్తి, ధైర్యం, అన్నీ రాశాను. చేతికి సులువుగా వచ్చే మాటలు.

అది రాస్తూ స్కూలు అరుగు మీద కూర్చున్నాను. అప్పుడే పారమ్మ వీధిలోకి వచ్చింది. నెత్తిన తట్ట, భుజాన పార. అరుగుల మీద మగవాళ్ళు చుట్టలు కాలుస్తూ ఆకాశం చూస్తున్నారు. ఆమె వీధి మధ్య ఆగింది.

"పోయినేడు నా సెయ్యి పడినాదనే కదా కట్ట పోనాదన్నారు?" అంది.

మగవాళ్ళు చుట్టల నుసి దులుపుకున్నారు.

"ఈయేడూ నానే ఏస్తాను. మళ్ళీ పోనాదనుకోండి, మళ్ళీ నా మీదే ఏసీయండి. మీకేటి బయం? తప్పు నాను మోస్తాను, ఇసక మీరు మోయండి."

అని వెనక్కి చూడకుండా నడిచింది. గెడ్డ దగ్గర పెసిడెంటు ఎప్పుడూ జనాన్ని ముందు దింపి, వాళ్ళు ఎటు పోతున్నారో చూసేవాడు. ఈమె చూడలేదు. ముందు అప్పన్న అరుగు దిగాడు. వాడి వెనక ఇంకొకడు. తర్వాత ఇళ్ళల్లోంచి తట్టలు బయటికొచ్చాయి. పిల్లలందరూ అటే పరుగెత్తితే నేను బడికి తాళం వేసి, నాయకుడి లక్షణాలు మడిచి జేబులో పెట్టుకుని, వాళ్ళ వెనక వెళ్ళాను.

ఆ రోజూ, ఆ మర్నాడూ ఊరంతా ఏట్లోనే ఉంది. పారమ్మ ఎవరినీ గదమాయించలేదు. ఎక్కడ నీరు నెడుతోందో అక్కడికి తానే ముందు తట్ట తీసుకుని పోయేది. మిగతావాళ్ళు అటు తిరిగేవాళ్ళు. కట్ట మొగదాకా ముట్టింది. నీరు ఒక్కసారి ఆగి, వెనక్కి తన్ని, మెల్లగా కాలువలోకి తిరిగింది. ఆడవాళ్ళు గొల్లున అరిచారు. అప్పన్న కాలువలో బోర్లా పడుకుని నీళ్ళు మీదుగా పోనిచ్చుకున్నాడు. అంత సంతోషం నేను ఆ ఊళ్ళో మళ్ళీ చూడలేదు.

సరిగ్గా అప్పుడు ఇసుకలో రొద పెడుతూ సమితి జీపు వచ్చింది. ఆఫీసరు దిగాడు, ఫొటోలు తీసే అతను దిగాడు, చేతిలో బంతిపూల దండతో పెసిడెంటు దిగాడు. పారుతున్న కాలువను చూశాడు. ఆయన ముఖంలో ఏదో ఒకటి కదిలింది గాని, ఎంతోసేపు లేదు.

"అబ్బో, పని అయిపోయిందే!" అన్నాడు ఆఫీసరు.

"నేను ముందే చెప్పి మొదలెట్టించేశానండి. మా జనం నా మాట జవదాటరు" అన్నాడు పెసిడెంటు. అంటూ కళ్ళజోడు ముట్టుకున్నాడు.

అప్పన్న పక్కనే ఉన్నాడు. తడి చేతులు రెండూ మొలగుడ్డకు తుడుచుకుని, కట్టుకుని నిలబడ్డాడు. పెసిడెంటు మళ్ళీ ముట్టుకున్నాడు. ఏటి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

ఆఫీసరుకు ఇవేమీ తెలియవు. "అయితే ఒక ఫొటో తీయించుకోండి. తట్ట పట్టుకోండి" అన్నాడు. ఎవరో తట్ట నింపి ఎత్తారు. పెసిడెంటు తలపాగా చుట్టుకుని, తట్ట నెత్తిన పెట్టించుకుని, కట్ట మీద పొడి చోట కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఫొటో అతను కెమెరా సర్దుకుంటున్నాడు. అప్పుడు పారమ్మ నీళ్ళలోంచి అరిచింది.

"అక్కడెయ్యకు పెసిడెంటూ! కట్ట జారిపోతాది. ఆ మూలన నీరు కారతన్నాది సూడు. దిగి అక్కడెయ్యి!"

చెయ్యి చాచి చూపించింది. పెసిడెంటు జనం వైపు చూశాడు, ఎప్పటిలాగే, వాళ్ళు ఎటున్నారో తేల్చుకుందామని. జనమంతా ఆ చెయ్యి చూపించిన వైపే చూస్తున్నారు. ఆయనకు ఇంకో దారి లేకపోయింది. పొందూరు పంచెతో ఏట్లోకి దిగాడు. తట్ట ఊగుతోంది, జోడు జారుతోంది, పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ చెయ్యి వైపే కళ్ళు పెట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళాడు. ఫొటో అతను అప్పుడు నొక్కాడు.

ఇసుక మూలన పడింది. కారుతున్న నీరు కాస్త తగ్గింది. "ఇంకో రెండు తట్టలెయ్యి" అంది పారమ్మ. అప్పటికి ఆఫీసరు జీపు నీడకు పోయాడు. పెసిడెంటు తట్ట కింద పెట్టి, "ఎండగా ఉన్నాది" అని ఒడ్డెక్కేశాడు. జీపు దగ్గర నిలబడి నేను రాసిన లక్షణాలన్నీ వరసగా చదివాడు. ఆఫీసరూ, డ్రైవరూ, ఫొటో అతనూ విన్నారు. తక్కినవాళ్ళకు పనుంది.

ఆ ఏడాది పారమ్మ మడి పండింది. పిల్లలు బడికి తిరిగొచ్చారు. నేను బదిలీ అయ్యే దాకా మొదటి తట్ట ఆమే వేసింది. అదే ఆచారమైపోయింది. పెసిడెంటు పెసిడెంటుగానే ఉన్నాడు, పదవి కాలువ నీళ్ళతో వచ్చింది కాదు కదా. ఫొటోను మాత్రం పెద్దది చేయించి, చట్రం కట్టించి నట్టింట్లో పెట్టుకున్నాడు. మిగతా ఫొటోలన్నిటిలోనూ ఆయన ముఖం పందిరి గుంజలా బిగిసి ఉంటుంది. ఈ ఒక్కదానిలో కాస్త భయం, కాస్త శ్రద్ధ, చెప్పిన పని సరిగ్గా చెయ్యాలన్న ఆత్రం కనబడతాయి. ఎన్నిసార్లు చూసినా ఆయన మీద నాకు జాలి కలిగేది ఆ ఫొటోలోనే. ఆయనకు కూడా తనలో నచ్చింది ఆ మనిషేనేమో. నచ్చి ఉంటే, మళ్ళీ ఒక్క తట్ట ఎత్తి ఉండాల్సింది.

అబ్బాయీ, నువ్వడిగిన వ్యాసం ఇదే. లక్షణాలు నంబర్లు వేసి రాయలేదని ఏమీ అనుకోకు. ఆ చెయ్యి పారమ్మది. దాన్ని అట్ట మీద ఉంచితే దీన్ని లోపల వేసుకోండి. కోసేస్తే దీన్నీ అవతల పారెయ్యండి. ఆ చెయ్యి లేకపోతే మీ తాతగారు ఏట్లో దిగి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయిన మనిషిలా కనబడతారు. అదీ అబద్ధమేమీ కాదు.